శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడెక్కి, ఎడమ పక్కన రెండోది

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడెక్కితే చాలు, ఆ తర్వాత ఎడమ పక్కన రెండోది మా ఇల్లే. స్కాట్లండ్ నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ సమోవా దీవిలోని తన ఇంటికి దారి ఇలా చెప్పాడు, మధ్యలో వేల మైళ్ల పసిఫిక్ మహాసముద్రం అసలు లేనట్టు, సందు చివర టీ కొట్టుకి దారి చెప్పినట్టు. చెప్పింది ఇంకో స్కాట్లండ్ రచయిత జె.ఎం. బారీకి. తర్వాత్తర్వాత పీటర్ పాన్‌ని పుట్టించింది ఈ బారీయే. ఆయన ఆ ఓడ ఎక్కలేదు. ఉత్తరాల్లో ఒకరంటే ఒకరికి ఎంత ప్రేమ ఉన్నా ఇద్దరూ జన్మలో ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. రుడ్యార్డ్ కిప్లింగ్ కూడా వెళ్దామనుకున్నాడు, కుదర్లేదు.

తెలుగువాళ్లకి స్టీవెన్సన్ అంటే ముందు గుర్తొచ్చేది ‘ట్రెజర్ ఐలండ్’, నండూరి రామ్మోహనరావు గారి తెలుగులో ‘కాంచన ద్వీపం’. ఒంటికాలి జాన్ సిల్వర్, అతని చిలక, గుర్తులు పెట్టిన మ్యాపు. తమాషా ఏమిటంటే ఆ పుస్తకం రాసేనాటికి స్టీవెన్సన్ పసిఫిక్ దీవుల్లో ఒక్కదాన్నీ చూడలేదు. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో, వాన వదలకుండా కురుస్తున్న సెలవుల్లో, భార్య మొదటి పెళ్లి కొడుకు లాయిడ్‌తో కాలక్షేపానికి ఒక దీవి బొమ్మ గీసి, ఆ బొమ్మలోంచి కథ లాగాడు. అందులో పైన్ చెట్లు ఉంటాయి, కొబ్బరి చెట్లు ఉండవు, ఎందుకంటే ఆ దృశ్యాలు చాలావరకు అంతకుముందు తను చూసిన కాలిఫోర్నియావి.

అంటే చూడకుండా రాసిన దీవిని ప్రపంచమంతా చదివింది. తర్వాత ఆరేళ్ల పైగా నిజం దీవుల మధ్య బతికి రాసినదాన్ని మాత్రం చాలామంది పక్కన పెట్టారు, సొంత స్నేహితులతో సహా. ఇలా ఎందుకైందో చూడాలంటే అతను అక్కడికి ఎందుకు వెళ్లాడో, వెళ్లాక రాత ఎలా మారిందో చూడాలి.

వెళ్లడానికి కారణం చాలా మామూలుది. ఊపిరితిత్తులు. 1850లో ఎడిన్‌బరోలో పుట్టాడు. తాత, తండ్రి, పెదనాన్నలు స్కాట్లండ్ తీరమంతా లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజినీర్లు. వీడూ ఇంజినీరే అవుతాడని ఇంట్లో అనుకున్నారు, కాలేదు. లా చదివి పట్టా తీసుకున్నాడు, ప్రాక్టీసు చేసింది లేదనే చెప్పాలి. ఫ్రాన్స్‌లో పరిచయమైన ఫానీ ఆస్‌బోర్న్ అనే అమెరికన్ కోసం, ఆమెకు అప్పటికే పెళ్లయి పిల్లలున్నారు, వయసులో తనకంటే పదేళ్లు పెద్ద, 1879లో ఇంట్లో చెప్పకుండా ఓడెక్కి న్యూయార్క్‌లో దిగి, వలస కూలీల రైల్లో కాలిఫోర్నియా దాకా వెళ్లి, అక్కడ చావు తప్పి బయటపడి, మరుసటి ఏడు పెళ్లి చేసుకున్నాడు. హనీమూన్ ఎక్కడంటే ఒక పాడుబడ్డ వెండి గని పక్కన, తలుపులూ కిటికీలూ సరిగా లేని షెడ్డులో. దాని మీద కూడా ఒక పుస్తకం రాశాడు. ఎక్కడ మంచం పడితే అక్కడ ఒక పుస్తకం వచ్చేది, అదీ అలవాటు.

ఆ తర్వాతి ఏడెనిమిదేళ్లు డాక్టర్లు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి. స్విట్జర్లాండ్‌లో దావోస్, దక్షిణ ఫ్రాన్స్‌లో యేర్, ఇంగ్లండ్ దక్షిణ తీరాన బోర్న్‌మత్. బోర్న్‌మత్ ఇంటికి స్కెర్రీవోర్ అని పేరు పెట్టుకున్నాడు, అది పెదనాన్న కట్టిన లైట్‌హౌస్ పేరు. అక్కడ మూడేళ్లలో ఎక్కువ రోజులు మంచం మీదే, రక్తం పడినప్పుడు మాట్లాడటం కూడా నిషేధం. ‘జెకిల్ అండ్ హైడ్’, ‘కిడ్నాప్డ్’ రెండూ 1886లో, ఆ మంచం మీది నుంచే వచ్చాయి. సాయంత్రాలు అమెరికన్ నవలాకారుడు హెన్రీ జేమ్స్ వచ్చి కూర్చునేవాడు. అంతకు కొంచెం ముందు నవల అంటే ఏమిటి అనే విషయం మీద ఇద్దరూ పత్రికల్లో వాదించుకున్నారు. నవల జీవితంతో పోటీ పడుతుందని జేమ్స్ అంటే, జీవితంతో ఏ కళా పోటీ పడలేదు, వదిలేయాల్సింది వదిలేయడమే కళ అని స్టీవెన్సన్ అన్నాడు. ఆ తగువులోంచి పుట్టిన స్నేహం చివరిదాకా నిలిచింది. ఆ ఇంట్లో జేమ్స్‌కి ప్రత్యేకంగా ఒక కుర్చీ ఉండేది.

1887లో తండ్రి పోయాడు. ఇంగ్లండ్‌లో కట్టిపడేసే పెద్ద కారణం లేకుండా పోయింది. తల్లిని కూడా వెంటబెట్టుకుని అమెరికా వెళ్లి, ఆ చలికాలం న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన మంచు కొండల్లో, క్షయ వైద్యానికి పేరున్న సారనాక్ లేక్‌లో గడిపాడు. అక్కడ ఉండగానే ఇంకో తీగ తెగింది. విలియమ్ హెన్లీ అని కవి, పాత ప్రాణస్నేహితుడు, ఒక కాలు తీసేసిన మనిషి, జాన్ సిల్వర్‌కి మూలం ఈయనే. ఫానీ అచ్చు వేయించిన ఒక కథ నిజానికి వేరే ఆవిడ ఆలోచన అని హెన్లీ ఉత్తరంలో అన్నాడు. ఎదురెదురుగా కూర్చుని ఉంటే రెండు గ్లాసులు తాగి మర్చిపోయే గొడవేమో. ఉత్తరాల్లో మాత్రం పెరిగి పెద్దదైంది, మళ్లీ అతకలేదు. దూరంలో ఉన్న రచయితకి స్నేహాలన్నీ పోస్టు మీద ఆధారపడతాయి, పోస్టులో గొంతు వినపడదు. ఆ వసంతంలోనే న్యూయార్క్ వాషింగ్టన్ స్క్వేర్‌లో బెంచీ మీద ఎండ కాచుకుంటూ మార్క్ ట్వేన్‌తో కబుర్లు చెప్పుకోవడం మాత్రం మంచి జ్ఞాపకంగా మిగిలింది.

1888 జూన్ ఆఖర్లో ‘కాస్కో’ అనే అద్దె పడవలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కుటుంబమంతా బయల్దేరింది. అప్పటికి అనుకున్నది కొన్ని నెలల విహారమే. నెల రోజులకి మార్కెసాస్ దీవుల్లో నూకు హీవా కనిపించింది. తొలి ప్రేమ, తొలి సూర్యోదయం, తొలి దక్షిణ సముద్ర ద్వీపం, ఇవి మళ్లీ రావు అనే అర్థంలో తర్వాత రాసుకున్నాడు. ఇది ఎవరికీ తెలియని చోటేం కాదు. 1842లో తిమింగలాల ఓడలోంచి పారిపోయి ‘మోబీ డిక్’ రచయిత హెర్మన్ మెల్విల్ దాక్కున్నది ఈ దీవిలోనే. మెల్విల్ చూసిన జనసమ్మర్దపు లోయలు స్టీవెన్సన్ వచ్చేసరికి ఖాళీ అయిపోతున్నాయి. యూరప్ ఓడలు తెచ్చిన మశూచి, క్షయ ఊళ్లకి ఊళ్లనే తుడిచేశాయి. ఇళ్ల కింది రాతి అరుగులు అలాగే ఉన్నాయి, వాటి మీద కాపురం ఉండేవాళ్లు లేరు.

ఇక్కడే స్టీవెన్సన్ మిగతా యాత్రికుల నుంచి విడిపోతాడు. ఆ పాడుబడ్డ అరుగులు చూసి అతనికి గుర్తొచ్చింది స్వర్గమూ కాదు, ఆటవిక రాజ్యమూ కాదు, స్కాట్లండ్ ఉత్తరాది కొండజాతులు. 1745 తిరుగుబాటు అణచివేత తర్వాత వాళ్ల ఆయుధాలు లాక్కున్నారు, వాళ్ల దుస్తుల మీద నిషేధం పెట్టారు, తర్వాతి తరాల్లో గొర్రెల మేత కోసం నేల మీంచి మనుషుల్నే ఖాళీ చేయించారు. బయటివాళ్లొచ్చి ఆచారాలు మాన్పించడం, కులపెద్దల మాట చెల్లకుండా పోవడం, ఇది తన ఇంటి కథే. ఈ పోలికని అతను పని ముట్టుగా కూడా వాడుకున్నాడు. ఒక ఊళ్లో దెయ్యాల కథ కావాలంటే ముందు తమ ఊరి నీటి దెయ్యం కథ చెప్పేవాడు, ఒక ఆచారం గురించి తెలుసుకోవాలంటే తన తాతల ఆచారం ముందు పెట్టేవాడు. కథకి కథ, చేబదులు లెక్క. అవతలివాళ్లకి సిగ్గు పోయేది. వేరే దేశంలో విషయం సేకరించడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఇంకోటి కనపడదు.

తాహితీలో పడవ తెరచాప కొయ్యలు పుచ్చిపోయాయని బయటపడింది. రిపేరు అయ్యేదాకా తౌతిరా అనే పల్లెలో, ఓరీ అనే పెద్దమనిషి ఇంట్లో, ఆయన పెట్టింది తింటూ ఉన్నారు. అక్కడి పద్ధతి ప్రకారం ఇద్దరూ పేర్లు మార్చుకుని అన్నదమ్ములయ్యారు. హవాయీలో రాజు కలాకౌవాతో విందులు జరిగాయి. 1889 మేలో, కుష్ఠు రోగుల్ని వెలివేసి ఉంచిన మొలొకాయ్ దీవి వలసకి ఒంటరిగా వెళ్లి వారం రోజులు ఉన్నాడు. అక్కడ ఏళ్ల తరబడి సేవ చేసిన ఫాదర్ డేమియన్ అదే జబ్బుతో పోయి అప్పటికి నెల దాటిందంతే. కొన్నాళ్లకి హొనొలులు పాదరీ ఒకాయన డేమియన్ నడవడి మంచిది కాదని రాసిన ఉత్తరం అచ్చయింది. స్టీవెన్సన్ ఒళ్లు మండి, పరువునష్టం దావా పడితే ఉన్నదంతా పోతుందని ఇంట్లోవాళ్లకి చెప్పి మరీ, బహిరంగ లేఖ అచ్చు వేయించాడు. ఆ పాదరీ పేరు హైడ్. కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు, ‘జెకిల్ అండ్ హైడ్’ వచ్చింది అంతకు నాలుగేళ్ల ముందు.

1889 డిసెంబరులో సమోవా చేరాడు. నచ్చి స్థలం కొన్నది నిజమే, కానీ అప్పటికీ ఎప్పుడో ఒకప్పుడు ఇంగ్లండ్ వెళ్లొద్దామనే ఉంది. 1890లో సిడ్నీ వెళ్లగానే మళ్లీ మంచం పట్టాడు, రక్తం పడింది. ఓడెక్కి వేడి సముద్రంలోకి రాగానే లేచి కూర్చున్నాడు. దాంతో లెక్క తేలిపోయింది, చల్లటి దేశాలకి ఇక తిరుగు ప్రయాణం లేదు. స్టీవెన్సన్ సమోవాకి పారిపోయాడని రాసేవాళ్లు ఈ సిడ్నీ మంచాన్ని మర్చిపోతారు.

అపియా రేవు నుంచి మూడు మైళ్లు లోపలికి, వయా కొండ కింద, మూడొందల ఎకరాల పైచిలుకు అడవి. పేరు వైలిమా. హెన్రీ ఆడమ్స్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1890లో చూడ్డానికి వచ్చేసరికి భార్యాభర్తలు చెట్లు కొట్టించి గుడిసెలాంటి ఇంట్లో మట్టి కొట్టుకుని ఉన్నారు. గోతంలో కట్టెపుల్లలు వేసినట్టున్నాడని ఆ పెద్దమనిషి ఇంటికి ఉత్తరం రాశాడు, మొహం చిట్లించుకుంటూ. ఆ కట్టెపుల్లే రోజుకి గంటల తరబడి కత్తి పట్టి కలుపు తీస్తూ, దీనంత ఆసక్తికరమైన పని ఇంకోటి లేదని లండన్ స్నేహితుడు సిడ్నీ కోల్విన్‌కి రాస్తుండేవాడు. బోర్న్‌మత్‌లో గొంతు పెగలని మనిషి ఇక్కడ గుర్రమెక్కి అడవుల్లో తిరిగాడు. తర్వాత పెద్ద ఇల్లు లేచింది, హాలంతా కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెక్క, అంత ఉక్కపోత దేశంలో ఒక ఫైర్‌ప్లేస్ కూడా. స్కాట్లండ్ వాడి ఇల్లంటే పొయ్యి ఉండాలి మరి! తల్లి, భార్య, ఆమె మొదటి పెళ్లి పిల్లలు లాయిడ్, బెల్, బోలెడంత మంది పనివాళ్లు, అందరి ఖర్చూ కలం మీదే. ఏడాదికి రెండు పుస్తకాలు రాయక తప్పని పరిస్థితి, అందుకే చేతికి నొప్పి వస్తే బెల్‌కి చెప్పి రాయించేవాడు. స్వర్గంలో ఉన్నాడని లండన్‌లో అనుకుంటుంటే ఇతనికి డబ్బు టెన్షన్.

ఓడ నెలకోసారి వచ్చేది. పంపిన ప్రశ్నకి జవాబు రావడానికి రెండు మూడు నెలలు పట్టేది. ఈ ఆలస్యంలోనే అసలు ఇబ్బంది ఉంది. ప్రూఫులు దిద్దడం, పేరు మార్చడం, పేరాలు తీసేయడం అన్నీ లండన్‌లో ఇతను లేకుండా జరిగిపోయేవి. స్నేహితులు ఎదురుచూసేది ఇంకో ‘కిడ్నాప్డ్’. ఇతను పంపేది దీవుల ఆచారాలు, భూమి తగాదాలు, సమోవా పెద్దల రాజకీయాలు. ఎప్పుడూ ఆ నల్లవాళ్ల గోలేనా, మాకు అర్థమయ్యేది ఏదైనా రాయవా అని కోల్విన్ ఒకసారి విసుక్కున్నాడు. స్టీవెన్సన్‌కి మనసు కష్టమైంది. నేను రోజంతా బతికేది వీళ్ల మధ్యే కదా అన్నది అతని జవాబు సారాంశం. ఫానీ కూడా ఈ విషయంలో కోల్విన్ పక్షమే, సరదాగా తన అనుభవం చెప్పాల్సింది పోయి శాస్త్రగ్రంథం రాస్తున్నాడని మొత్తుకుంది. నిజం చెప్పాలంటే ఆ యాత్రా వ్యాసాల్లో కొన్ని చోట్ల ఆమె మాట తప్పు కాదు, సమాచారం బరువుకి కథ నడుం వంగిపోయింది.

హెన్రీ జేమ్స్ ఫిర్యాదు ఇంకో రకం. 1893లో ‘కాట్రియోనా’ చదివి, బాగుంది గానీ నా కళ్లు పస్తున్నాయి, ఏమీ కనపడటం లేదని రాశాడు. దానికి జవాబుగా స్టీవెన్సన్ విశేషణాల మీద యుద్ధం, కంటి నరానికి మరణం, ఇవీ తన లక్ష్యాలని ప్రకటించాడు. కథలో మనుషులు మాట్లాడటం వినపడుతుంది, వాళ్లు చేసే పని తెలుస్తుంది, నాకు కథంటే అంతే అన్నాడు. ఈ మాట అంటున్నది కిటికీ తీస్తే అడవి, దాని కింద పగడపు దిబ్బలు, దాని అవతల సముద్రం కనిపించే మనిషి. పర్యాటకుడికి దృశ్యం కావాలి, ఎందుకంటే అతనికి ఇంకేం తెలియదు. కాపురం ఉన్నవాడికి ఎవడు ఎవడికి బాకీ, ఎవరి పొలం ఎవరు ఆక్రమించారు అన్నది ముందు కనిపిస్తుంది, కొబ్బరి చెట్టు ఎలాగూ ఉంటుంది.

ఈ మార్పు పూర్తిగా కనిపించేది ‘ది బీచ్ ఆఫ్ ఫలెసా’ అనే పెద్ద కథలో. కథ చెప్పేది విల్ట్‌షైర్ అనే తెల్ల వ్యాపారి, పెద్దగా చదువుకోనివాడు, ఎండు కొబ్బరి కొనుక్కునే రకం. దిగిన రోజే ఒక దీవి పిల్లతో అతనికి దొంగ పెళ్లి జరుగుతుంది. ఆ పిల్లకి చదవడం రాదు, చేతిలో పెట్టిన పెళ్లి కాగితంలో ఏముందంటే, ఈమెకి ఒక్క రాత్రికి అక్రమంగా పెళ్లయింది, మర్నాడు మొగుడు తగిలేయొచ్చు అని. ఆ పిల్ల దాన్ని బంగారంలా దాచుకుంటుంది. తెల్లవాళ్ల వ్యాపారం ఎలాంటిదో ఆ ఒక్క కాగితం చాలు. 1892లో దీన్ని వేసిన లండన్ పత్రిక ఆ కాగితాన్నే ఎత్తేసింది. పుస్తకంగా వచ్చేటప్పుడు ఒక్క రాత్రి కాస్తా ఒక్క వారం అయింది, అప్పటికి పరువు దక్కిందని సంపాదకులు అనుకున్నారు కాబోలు. స్టీవెన్సన్ రాసినట్టుగా ఆ కథ జనానికి అందింది 1984లో, అంటే తొంభై ఏళ్ల పైమాటే.

దీవిలోవాళ్లు మాత్రం ఇతన్ని వేరేగా చదివారు. ‘ది బాటిల్ ఇంప్’ కథ 1891లో పాదరీల పత్రికలో సమోవా భాషలో వచ్చింది. సీసాలో దెయ్యం అడిగిన కోరికలన్నీ తీరుస్తుంది. ఇంత పెద్ద ఇల్లు ఎలా వచ్చిందో వాళ్లకి అప్పుడు అర్థమైంది, వచ్చినవాళ్లు ఆ సీసా చూపించమని అడిగేవారట. వాళ్లు పెట్టిన పేరు టూసిటాలా, కథలు చెప్పేవాడు. ఒకసారి ఆర్థర్ కానన్ డాయల్‌కి ఇంకో చిక్కు గురించి రాశాడు. షెర్లాక్ హోమ్స్ కథల్లో ‘ఇంజినీర్ బొటనవేలు’ కథని తన మేస్త్రీ సిమెలేకి చెబుదామని కూర్చుంటే రైలంటే ఏమిటో, ఇంజినీరంటే ఎవరో మధ్యలో ఆగి ఆగి చెప్పాల్సి వచ్చిందట. అన్నీ విన్నాక సిమెలే దాన్ని జరిగిన సంగతిగానే నమ్మాడు, కల్పన అనే వస్తువే అతని లెక్కలో లేదు.

ఇక రాజకీయం. జర్మనీ, బ్రిటన్, అమెరికా మూడూ కలిసి సమోవాని ఏలుతున్నామని చెప్పుకుంటూ తమకి నచ్చినవాణ్ణి రాజుగా కూర్చోబెట్టాయి. స్టీవెన్సన్ మతాఫా అనే ఎదుటి నాయకుడి వైపు మొగ్గాడు, ‘టైమ్స్’ పత్రికకి వరసగా ఉత్తరాలు రాశాడు, 1892లో ఒక చరిత్ర పుస్తకమే వేశాడు. బ్రిటిష్ హైకమిషనర్ ఇతని నోరు కట్టేయడానికే అన్నట్టు ఒక కొత్త నిబంధన తెచ్చాడు, జైలో దేశబహిష్కారమో తప్పదనిపించింది. లండన్ జోక్యంతో ఆ కోరలు తీశారు. 1893 యుద్ధంలో మతాఫా ఓడి ప్రవాసం పాలయ్యాడు, ఆయన వెంట ఉన్న పెద్దలు అపియా జైల్లో పడ్డారు. వాళ్లకి కావా అనే అక్కడి పానీయం, పొగాకు, తిండి పట్టుకుని వెళ్లి కూర్చున్నది ఇతనే. మరుసటి ఏడు విడుదలై వచ్చి, ఆ పెద్దలు వైలిమా దాకా ఒక రోడ్డు వేశారు, కూలి వద్దన్నారు. పెద్దలు స్వయంగా మట్టి మోయడం అక్కడి లెక్కలో చిన్న విషయం కాదు. దానికి ప్రేమగల హృదయాల దారి అని పేరు. లండన్ సమీక్షకుల మెచ్చుకోలు ఎన్ని వచ్చినా ఈ రోడ్డు ముందు దిగదుడుపే.

అదంతా జరుగుతున్నప్పుడే చేతిలో ఉన్న నవల ‘వియర్ ఆఫ్ హెర్మిస్టన్’, ఎడిన్‌బరో కథ, స్కాట్లండ్ చలిగాలి కథ. ఎండలో కూర్చుని, ఇక చూడలేని కొండల్ని గుర్తు తెచ్చుకుంటూ బెల్‌కి చెప్పి రాయించాడు. చాలామంది అభిప్రాయంలో అతని పనితనం ఇక్కడే అన్నిటికంటే బలంగా ఉంది. ఊరి గురించి సరిగ్గా రాయడానికి ఊరు దూరం కావాలా అని అడిగితే, అందరి సంగతీ ఏమో గానీ ఇతని విషయంలో అవుననే అనిపిస్తుంది. 1894 డిసెంబరు 3 పొద్దున ఆ నవలలో ఒక వాక్యం సగంలో ఆపి లేచాడు. సాయంత్రం ఫానీకి సలాడ్ పనిలో సాయం చేస్తూ తల పట్టుకుని కూలిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లింది, నలభై నాలుగేళ్లు. జీవితమంతా భయపెట్టిన ఊపిరితిత్తులు చివరికి అతన్ని ఏమీ చేయలేదు.

ఆ రాత్రంతా సమోవా మనుషులు గొడ్డళ్లు పట్టుకుని వయా కొండ మీదికి అడవి కొట్టి దారి చేశారు, మర్నాడు భుజాల మీద పైకి మోశారు. ఫ్రెంచి రచయిత మార్సెల్ ష్వాబ్ ఈ సమాధి కోసమే సమోవా దాకా ఓడలో వచ్చి, జబ్బు పడి, కొండ ఎక్కకుండానే వెనక్కి వెళ్లాడు. 1908లో అమెరికన్ రచయిత జాక్ లండన్ ఎక్కాడు. సమాధికి ఒక పక్క సమోవా భాషలో బైబిల్ మాట, నీ ప్రజలే నా ప్రజలు అని. ఇంకో పక్క స్టీవెన్సన్ ఎప్పుడో తన సమాధి కోసమే రాసుకున్న చిన్న పద్యం, నావికుడు సముద్రం నుంచి ఇల్లు చేరాడు అనేది. అందులో అతను రాసింది ‘హోమ్ ఫ్రమ్ సీ’. చెక్కినవాళ్లు ‘హోమ్ ఫ్రమ్ ది సీ’ అని చెక్కారు. ‘ది’ అదనం, పాదం కొంచెం కుంటుతుంది, ఈసారి కూడా ప్రూఫు దిద్దడానికి అతను అందుబాటులో లేడు.